అడిగితే చెబుతా: వాషింగ్ మెషీన్ సరే, గోల మాత్రం వద్దు!

ఫ్రాన్స్ అధ్యక్షుడిగా చేసిన జనరల్ డిగాల్ గురించి అడిగిన ఓ పాఠకుడికి పోయిన సంచికలో రెండు వాక్యాల్లో జవాబు చెప్పి తప్పుకున్నాను. అది చాలలేదని చాలామంది రాశారు. జీవితమంతా ఫ్రెంచి పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని, అడిగితే ఆగుతానా? ఈసారి కాలమ్ మొత్తం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ఫ్రాన్స్‌కే. పులిహోర పొడిపొడిగా రావడం లేదని రాసినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్ర: పోటీ పరీక్షల పుస్తకంలో 1945 నుంచి 1975 దాకా ఫ్రాన్స్‌కి "ముప్పై వైభవ సంవత్సరాలు" అని ఉంది. ఆ పేరెవరు పెట్టారు మేడమ్? నిజంగా అంత వైభవమా?
– ఓ విద్యార్థి, గుంటూరు

జ: పెట్టింది జాఁ ఫురాస్తియే అనే ఆర్థికవేత్త, 1979లో. తేదీ చూశావా నాయనా, అంతా అయిపోయాక! ఆ ముప్పై ఏళ్ళూ బతికినవాళ్ళు మాత్రం పెరిగే ధరలని, దొరకని ఇళ్ళని, తమ వలస అల్జీరియాలో యుద్ధానికి వెళ్ళిన కొడుకుల్ని తలుచుకుని టెన్షన్ పడుతూనే గడిపారు.

ఫురాస్తియే తన పుస్తకాన్ని ఓ గమ్మత్తుతో మొదలుపెట్టాడు. మదేర్, సెసాక్ అని రెండు ఊళ్ళ లెక్కలు పక్కపక్కన పెట్టాడు. మదేర్ జనాభా 534. పనిచేసేవాళ్ళలో 208 మంది వ్యవసాయం మీదే ఉన్నారు. ట్రాక్టర్లు రెండంటే రెండు. కూలివాడు కిలో వెన్న కొనాలంటే ఏడు గంటల కూలి పెట్టాలి. సెసాక్‌లో జనాభా 670, సేద్యం చేసేవాళ్ళు 53 మందే, ట్రాక్టర్లు మాత్రం 40. ఫ్రిజ్‌లూ కార్లూ టీవీలూ ఇంటింటికీ వచ్చేశాయి. చదువుతుంటే మొదటిది ఏదో పేద దేశంలో ఊరనీ, రెండోది అమెరికాలోదనీ అనిపిస్తుంది. అప్పుడు చెబుతాడు అసలు సంగతి. రెండూ ఒకే ఊరు! నైరుతి ఫ్రాన్స్‌లో లాట్ నది ఒడ్డునున్న దువెల్. మొదటి లెక్క 1946ది, రెండోది 1975ది.

వైభవమా అంటే, దువెల్‌లో బావి నుంచి నీళ్ళు మోసిన అవ్వనడిగితే అవుననే అంటుంది. కానీ 208 మంది 53 అయ్యారంటే మిగతావాళ్ళు ఏమయ్యారని కూడా అడగాలి కదా. అలాంటి ఊళ్ళ పిల్లలే పట్నాలకెళ్ళి ఫ్యాక్టరీల్లో చేరారు, అపార్ట్‌మెంట్లలో సర్దుకున్నారు. కింద చెప్పబోయే గొడవల్లో సగం వాళ్ళవే.

ప్ర: మనకి పంచవర్ష ప్రణాళికలున్నట్టు ఫ్రాన్స్‌కీ ఉండేవట. పెట్టుబడిదారీ దేశానికి ప్రణాళికలేమిటి?
– ఓ రిటైర్డ్ తహసీల్దారు, రాజమండ్రి

జ: ఉండేవండీ, మనకన్నా ముందే. మన మొదటి ప్రణాళిక 1951లో మొదలైతే వాళ్ళది 1947లో. దాన్ని నడిపిన జాఁ మొనే కోన్యాక్ బ్రాందీ వ్యాపారి కొడుకు. ఏనాడూ ఎన్నికల్లో నిలబడ్డవాడు కాదు. బొగ్గు, కరెంటు, ఉక్కు, సిమెంటు, రవాణా, వ్యవసాయ యంత్రాలు, ముందు ఇవి అన్నాడు. ఇళ్ళు తర్వాత అన్నాడు. రష్యాలోలాగా హుకుంలు జారీ చెయ్యకుండా యజమానుల్నీ యూనియన్లనీ అధికారుల్నీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి లక్ష్యాలు ఒప్పించేవారు. ఖర్చుకి, యుద్ధంలో చితికిన యూరప్ దేశాలకి అమెరికా ఇచ్చిన మార్షల్ సాయం ఆదుకుంది. ప్రభుత్వాలు నెలల్లో కూలిపోతున్నా ప్రణాళిక మాత్రం ఆగలేదు. నా లెక్కలో ఆ రోజుల్లో ఫ్రాన్స్‌ని నడిపింది మంత్రులు కారు, ఆఫీసర్లు.

ఇళ్ళు తర్వాత అన్నందుకు ఫలితం 1954 చలికాలంలో కనబడింది. ఫిబ్రవరి 1న అబ్బే పియేర్ అనే ఫాదరీ రేడియోలో మాట్లాడాడు. రాత్రి మూడు గంటలకి పారిస్‌లో సెబాస్తొపోల్ బుల్వారు పేవ్‌మెంట్ మీద ఓ ఆడమనిషి చలికి గడ్డకట్టి చనిపోయిందనీ, ఆమె చేతిలో ఇల్లు ఖాళీ చెయ్యమన్న కాగితం ఉందనీ చెప్పాడు. దుప్పట్లూ డబ్బూ కుప్పలు పడ్డాయి. ఆ తర్వాతే ప్రభుత్వం పెద్ద ఎత్తున ఇళ్ళు కట్టడం మొదలుపెట్టింది.

ప్ర: 1965 దాకా ఫ్రాన్స్‌లో పెళ్ళయిన ఆడది భర్త ఒప్పుకోందే బ్యాంకులో ఖాతా తెరవలేకపోయేదని ఓ వీడియోలో విన్నాను. స్వేచ్ఛ, సమానత్వం అని గోడల మీద చెక్కుకున్న దేశంలోనా? నమ్మబుద్ధి కావడం లేదమ్మా.
– ఓ బ్యాంకు ఉద్యోగిని, విజయవాడ

జ: నమ్మాలి తల్లీ. తన పేరున ఖాతా తెరవడానికీ, భర్త అడ్డు చెప్పే వీల్లేకుండా ఉద్యోగంలో చేరడానికీ హక్కిచ్చిన చట్టం 1965 జూలై 13న వచ్చింది, 1966 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. భార్య భర్త మాట వినాలన్న నెపోలియన్ నాటి సెక్షన్ 1938 దాకా చట్టంలోనే ఉంది. ఓటు సంగతి మరీ అన్యాయం. మన మద్రాసు ప్రెసిడెన్సీలో అర్హతలున్న ఆడవాళ్ళకి 1921లోనే ఓటొస్తే, ఫ్రెంచి ఆడవాళ్ళు మొదటిసారి ఓటేసింది 1945 ఏప్రిల్ 29న, మున్సిపల్ ఎన్నికల్లో.

దీన్ని నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. 1980ల మొదట్లో చదువుకోసం పారిస్ వెళ్ళినప్పుడు, ఊరి అంచున మోఁత్రయ్‌లో ఓ పెద్దావిడ ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. ఆవిడ భర్త రెనో కార్ల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి పోయాడు. ఆవిడ బట్టలు కుట్టేది. వంటింట్లో గిన్నెల అలమారు పక్కనే మేకుకి ఓ గుడ్డసంచి వేలాడుతుండేది. అందులో గ్యాస్ బిల్లులు, కరెంటు బిల్లులు, వాటికింద తన మొదటి చెక్కుబుక్కు. అందులో చెక్కులన్నీ ఎప్పుడో అయిపోయి మిగిలినవి కౌంటర్‌ఫాయిళ్ళే. మొదటి దాని మీద 1966 మార్చి అని ఉంది. వాషింగ్ మెషీన్ వాయిదా కట్టడానికి రాసిన చెక్కట అది. "నా మెషీన్, నా సంతకం" అనేది.

ఈ వాషింగ్ మెషీన్ దగ్గరే రాజకీయమంతా ఉంది, వినండి. 1954లో ఫ్రాన్స్‌లో నూటికి ఎనిమిది ఇళ్ళలోనే వాషింగ్ మెషీన్ ఉండేది. స్నానాల గదో షవరో ఉన్నవి పదింటికి ఒక ఇల్లు. 1968 నాటికి సగం ఇళ్ళలో వాషింగ్ మెషీన్ వచ్చేసింది. వంటింటి పరికరాలు చేసే మూలినెక్స్ కంపెనీ "ఆడవాళ్ళకి విముక్తినిస్తుంది మూలినెక్స్" అని ప్రకటనలిచ్చుకుంది. విముక్తి ఎవరి నుంచో చెప్పలేదు లెండి. మెషీన్ మారింది, దాని ముందు నిలబడే మనిషి మారలేదు.

ఇక 1965 డిసెంబరు. ప్రజలు నేరుగా ఓటేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలని పట్టుబట్టి రాజ్యాంగం మార్పించింది డిగాలే. తీరా ఎన్నికలొచ్చేసరికి తొలి రౌండులో సగం ఓట్లు కూడా రాక ప్రతిపక్ష అభ్యర్థి మితెరాఁతో రెండో రౌండుకి దిగాల్సొచ్చింది. కారణం టీవీ. అప్పటిదాకా టీవీ అంటే సర్కారు గొంతే, మన పాత దూరదర్శన్‌లాగా. సమాచార మంత్రి బల్ల మీద వరసగా బటన్లుండేవట, ఏది నొక్కితే ఏ టీవీ అధికారి పరిగెత్తుకు రావాలో. ఆ ఎన్నికల్లో మాత్రం అభ్యర్థులందరికీ సమానంగా సమయం ఇవ్వక తప్పలేదు. ప్రతిపక్షం వాళ్ళ మొహాలు జనం తమ ఇళ్ళలో కూచుని చూశారు. డిగాల్ తనకిచ్చిన సమయం వాడుకోవడం నామోషీ అనుకున్నాడు, దెబ్బ తిన్నాడు.

రెండో రౌండుకి ముందు దిగొచ్చి, కుర్చీలో కూచుని ఓ జర్నలిస్టుతో ముచ్చట్లాడాడు. అక్కడ చెప్పాడు ఇల్లాలి కథ. ఇల్లాలికి వాక్యూమ్ క్లీనర్ కావాలి, ఫ్రిజ్ కావాలి, వాషింగ్ మెషీన్ కావాలి, కుదిరితే కారూ కావాలి. కానీ భర్త ఎక్కడెక్కడో తిరగడం, కొడుకులు బల్ల మీద కాళ్ళు పెట్టడం, కూతుళ్ళు రాత్రి ఇంటికి రాకపోవడం ఆమెకి అక్కర్లేదు. ఫ్రాన్స్ కూడా అంతే, అభివృద్ధి కావాలి, గందరగోళం వద్దు అన్నాడు. గెలిచాడు, 55 శాతంతో. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువ వేశారు ఆయనకి.

నాకు గది అద్దెకిచ్చిన మా ఇంటావిడ కూడా వేసింది. "ఆ ముసలాయన మా ఇంట్లో సామాను లెక్కపెడుతున్నాడని నవ్వొచ్చింది, ఓటు మాత్రం ఆయనకే వేశాను, ఖాతా చట్టం ఆయన హయాంలోనే వచ్చింది కదా" అని చెప్పింది. 1967 డిసెంబరులో గర్భనిరోధక మాత్రలకి అనుమతిచ్చిన చట్టం కూడా డిగాల్ హయాంలోనే వచ్చింది, ఆయనకి పెద్దగా ఇష్టం లేకపోయినా. ఫ్రిజ్ ఇచ్చి కూతుర్ని ఎనిమిదింటికల్లా ఇంటికి రమ్మంటే వస్తుందా?

ప్ర: సిత్రోయెన్ వాళ్ళు కోడిగుడ్ల బుట్ట పెట్టి కారు డిజైన్ చేశారంటారు. కథా, నిజమా?
– ఓ మెకానిక్, నిజామాబాద్

జ: నిజమే. ఇద్దరు రైతులు, యాభై కిలోల బంగాళాదుంపలు పట్టాలి, గంటకి అరవై కిలోమీటర్లు పోవాలి, నూరు కిలోమీటర్లకి మూడు లీటర్లే తాగాలి, దున్నిన చేలో నడిపినా బుట్టలో గుడ్లు పగలకూడదు. కంపెనీ పెద్ద బులాంజే ఇంజనీర్లకి పెట్టిన షరతులివి. యుద్ధం వల్ల ఆగిపోయి 1948లో పారిస్ మోటార్ షోలో 2సీవీగా బయటికొచ్చింది. పత్రికలవాళ్ళు రేకుడబ్బా అని నవ్వారు. జనం ఏళ్ళ తరబడి క్యూ కట్టారు.

ప్ర: ఫ్రెంచి ముసలివాళ్ళు ఇల్లు ధర చెబితే కోట్లలో చెబుతారని మా అబ్బాయి అంటాడు. అంత ఖరీదా?
– ఓ గృహిణి, తెనాలి

జ: కంగారు పడకండి. 1960 జనవరి 1న డిగాల్ ప్రభుత్వం నోట్ల మీద రెండు సున్నాలు కొట్టేసింది. పాత వంద ఫ్రాంకులు కొత్త ఒక ఫ్రాంకు. నాణేలు మారాయి గానీ నోళ్ళు మారలేదు. మా ఇంటావిడ గది అద్దె చెప్పినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. పాత ఫ్రాంకుల్లో చెప్పింది మరి! 1957లో మనకి నయాపైసలొచ్చినా పావలా, అర్ధ రూపాయి అనడం మానామా?

ప్ర: ప్రపంచంలో సాంస్కృతిక శాఖ అంటే అందరూ ఆంద్రే మాల్రో పేరు చెబుతారు. ఓ రచయిత మంత్రి అయ్యి నిజంగా ఏం చేశాడు?
– ఓ నాటక కళాకారుడు, వరంగల్

జ: మాల్రో గురించి చెప్పే ముందు జాఁ విలార్ గురించి చెప్పాలి. మీరు నాటకాలవారు, మీకు నచ్చుతాడు. 1947లో అవిన్యోఁలో ఒకప్పుడు క్రైస్తవ మతగురువులు పోప్‌లు ఉన్న కోట ముంగిట ఆరుబయట నాటకాలు మొదలుపెట్టినవాడు. 1951లో పారిస్‌లో జాతీయ ప్రజా నాటకశాల పగ్గాలు ఆయన చేతికొచ్చాయి. గ్యాస్, నీళ్ళు, కరెంటు ఎలాగో నాటకమూ అలాగే ప్రజలకి అందాలి అన్నాడు. అని ఊరుకోలేదు. సీటు చూపించేవాళ్ళకి టిప్పులివ్వడం మాన్పించాడు. పొద్దున్నే పనికెళ్ళేవాళ్ళు ఇల్లు చేరాలని ఆట ఎనిమిదింటికే మొదలుపెట్టించాడు. ఫ్యాక్టరీల కార్మిక కమిటీలకి టికెట్లు చవగ్గా ఇచ్చాడు. మా ఇంటావిడ భర్త అలాగే వెళ్ళాడు, జెరార్ ఫిలిప్ నటించిన ఆటకి. ఫిలిప్ అప్పుడు పెద్ద సినిమా హీరో, నెల జీతం మీద అక్కడ నాటకాలాడేవాడు. ఆ ప్రోగ్రాం కాగితం కూడా బిల్లుల సంచిలోనే ఉండేది.

మాల్రో సంగతికొస్తే, 1959లో డిగాల్ ఆయన కోసమే ఆ శాఖ పెట్టాడు. మానవజాతి గొప్ప కళాఖండాలని, అందులోనూ ముందు ఫ్రాన్స్‌వి, వీలైనంత ఎక్కువమంది ఫ్రెంచివాళ్ళకి అందించాలన్నది ఆ శాఖ పని. సగం ఖర్చు ప్రభుత్వం, సగం మున్సిపాలిటీ పెట్టుకుని సంస్కృతీ భవనాలు కట్టారు. మొదటిది 1961లో లె హావ్ర్ రేవులో. బొగ్గు పొగకి నల్లబడిన పారిస్ గోడల్ని కడిగించాడు. పారిస్‌ని నల్లరాతితోనే కట్టారని చిన్నప్పటి నుంచీ అనుకున్నానని మా ఇంటావిడ చెప్పేది. కూల్చేద్దామనుకుంటున్న పారిస్ పాతబస్తీ మారే పేటని 1962 చట్టం తెచ్చి కాపాడాడు. 1962 డిసెంబరులో మోనాలిసాని అమెరికా పంపాడు, మ్యూజియం వాళ్ళు లబోదిబోమన్నా వినలేదు.

ఇదే పెద్దమనిషి కుర్రతనంలో కంబోడియా వెళ్ళి బాంతెయ్ స్రెయ్ గుడి శిల్పాలు ఊడబెరికి పట్టుబడ్డాడు. 1924లో మూడేళ్ళ శిక్ష వేశారు, అప్పీల్లో తగ్గించి, అదీ అమలు కాకుండా వదిలేశారు. వారసత్వ సంపద రక్షణకి ఆయన్ని మించిన అనుభవజ్ఞుడు దొరకడు!

లోపం ఎక్కడంటే, మాల్రోకి గొప్ప కళ ఎదురుగా పెడితే చాలు, మనిషి కదిలిపోతాడన్న నమ్మకం. విలార్ బస్సు వేళలు కూడా ఆలోచించాడు, ఈయన ఆలోచించలేదు. 1968 మేలో ఆ సంస్కృతీ భవనాల డైరెక్టర్లే విల్లర్‌బాన్‌లో సమావేశమై, మా గడప తొక్కని జనం బోలెడంతమంది ఉన్నారు, వాళ్ళని చేరలేకపోయామని ప్రకటన చేశారు. ఇంకోటి, ఒకపక్క మారేని కాపాడుతూనే పారిస్ కడుపు లాంటి లే హాల్ మార్కెట్‌ని 1969లో ఊరవతల రుంజీస్‌కి తరలించారు. 1971 నుంచి ఆ ఇనుప షెడ్లు కూల్చేశారు. కూరగాయల మార్కెట్ వారసత్వం కిందికి రాదనుకున్నారు కాబోలు.

ప్ర: ఉద్యోగాలున్నాయి, కార్లు కొంటున్నారు, దేశం ఎదుగుతోంది. మరి 1968లో విద్యార్థులకి ఏం లోటని రోడ్డెక్కారు?
– ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జ: ఉద్యోగాల మాట అంత గట్టిగా అనకండి. నిరుద్యోగం పెరుగుతోందనే 1967లో జాతీయ ఉపాధి సంస్థ పెట్టారు. సరే, విద్యార్థుల దగ్గరికొద్దాం. 1960లో రెండు లక్షలున్నవాళ్ళు 1968కి ఐదు లక్షలయ్యారు. కొత్త క్యాంపస్‌లు కావాల్సొచ్చాయి. వాటిలో ఒకటి పారిస్ పడమటనున్న నాఁతేర్, 1964లో తెరిచారు. చుట్టూ ఏముంది? రేకులూ చెక్కలూ తారుకాగితాలతో అల్జీరియా కార్మికులు వేసుకున్న గుడిసెలు, బురద, ఊరందరికీ ఓ కొళాయి. మోడరన్ ఫ్రాన్స్ అపార్ట్‌మెంట్లు కట్టినవాళ్ళు ఉండేది అక్కడే. 1961 అక్టోబరు 17న అల్జీరియావాళ్ళ మీద పెట్టిన కర్ఫ్యూకి వ్యతిరేకంగా పారిస్‌లోకి నడిచి పోలీసుల చేతిలో చచ్చిపోయినవాళ్ళలో ఆ గుడిసెల మనుషులున్నారు. సోషియాలజీ చదివే పిల్లలకి కిటికీలోంచి చూస్తే పాఠం కనబడేది.

గొడవ మొదలైంది మాత్రం మరీ ఇంటి విషయంతో. అబ్బాయిలు అమ్మాయిల హాస్టల్లోకి వెళ్ళకూడదు, అదీ రూలు. 1967లోనే దానిమీద కొట్లాట అయింది. 1968 జనవరిలో యువజన మంత్రి నాఁతేర్‌లో కొత్త ఈతకొలను తెరవడానికొచ్చాడు. కోన్‌బెందిత్ అనే ఎర్రజుట్టు కుర్రాడు ముందుకొచ్చి, యువత మీద ఆరువందల పేజీల నివేదిక రాయించారు, అందులో మా లైంగిక సమస్యల మీద ఒక్క మాట లేదేం అని నిలదీశాడు. అంత ఇబ్బందిగా ఉంటే కొలనులో ఓ మునక వెయ్యి అన్నాడు మంత్రిగారు. డిగాల్ టీవీలో చెప్పిన కూతురూ కొడుకూ గుర్తున్నారా? వాళ్ళే వీళ్ళు.

మే 10 రాత్రి పారిస్ విద్యార్థుల పేట లాటిన్ క్వార్టర్‌లో రోడ్డు రాళ్ళు పెకిలించి అడ్డుగోడలు కట్టారు, పోలీసులు చితకబాదారు. దాన్ని చూసి ఫ్యాక్టరీలు ఆగాయి. డెబ్భై లక్షలమందికి పైగా సమ్మెలో దిగారు. టీవీ ఉద్యోగులు కూడా! మే 27న కనీస వేతనం 35 శాతం పెంచడానికి ఒప్పందమైతే, బియాంకూర్ రెనో కార్మికులు అది చాలదని తిప్పికొట్టారు. మా ఇంటావిడ భర్త ఆ గేటు దగ్గరే ఉన్నాడు. అతనికి జీతం కన్నా లైను స్పీడు మీద కోపమట. 29న డిగాల్ ఎవరికీ చెప్పకుండా జర్మనీలో ఉన్న ఫ్రెంచి సైన్యం దగ్గరికెళ్ళి, 30న తిరిగొచ్చి రేడియోలో పార్లమెంటు రద్దు చేస్తున్నానన్నాడు. జూన్ ఎన్నికల్లో ఆయన పక్షమే ఊడ్చేసింది. గందరగోళం చూసి భయపడ్డ ఇల్లాళ్ళూ ఇంటాయనలూ కలిసి గెలిపించారు. కానీ మరుసటేడు ఏప్రిల్‌లో రిఫరెండంలో ఓడి ఇంటికెళ్ళిపోయాడు. రాళ్ళకి పడనివాడు బ్యాలెట్‌కి పడ్డాడు.

ప్ర: ఇదంతా జరిగేటప్పుడు మన యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలోనే కదా? మనకి అందులో ఏమైనా వాటా దక్కిందా?
– ఓ ఉపాధ్యాయుడు, కాకినాడ

జ: పెద్దగా ఏమీ దక్కలేదు మాస్టారూ. శారదా చట్టం 1930లో అమల్లోకొచ్చాక బాల్యవివాహాలు చెయ్యాలనుకున్న తెలుగువాళ్ళు ఆ చట్టం వర్తించని యానాం వెళ్ళి చేసుకొచ్చేవారు. కల్యాణపురం అన్న పేరు అలా వచ్చిందే. పారిస్ రిపబ్లిక్ చట్టాలు మన గోదావరి ఒడ్డున ఈ రకంగా పనికొచ్చాయి.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు యానాం పట్టుకున్నారు. సరిగ్గా ఆ వారంలోనే పారిస్‌లో మెందెస్ ఫ్రాఁస్ ప్రధాని అయ్యాడు. వైన్ తాగే దేశంలో బడిపిల్లలకి గ్లాసు పాలు పట్టించిన మనిషి. వియత్నాంలో ఓడిపోయిన యుద్ధాన్ని ముగించాడు, పుదుచ్చేరి లెక్కా తేల్చాడు. నవంబరు 1న పాలన మన చేతికొచ్చింది. ఒప్పందం మీద సంతకాలు 1956లో అయినా, వాళ్ళ పార్లమెంటు ఆమోదించేసరికి 1962 వచ్చింది. అల్జీరియా యుద్ధం నడుస్తుండగా ఇంకో చోట భూమి వదులుకున్నట్టు కనబడటం వాళ్ళకి ఇష్టం లేదు. అప్పుడు పుదుచ్చేరి, యానాం జనానికి ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవచ్చని ఆరు నెలల గడువిచ్చారు. ఉంచుకున్న కుటుంబాలవాళ్ళు ఇప్పటికీ ఫ్రెంచి అధ్యక్ష ఎన్నికల్లో పుదుచ్చేరి వెళ్ళి ఓటేస్తారు. ఆ పౌరసత్వాల మీదా పింఛన్ల మీదా యానాం నుంచే ఇంకొన్ని ఉత్తరాలున్నాయి. వాటికీ పులిహోరకీ వచ్చే నెల.